మచిలీపట్నం రేవు సుంకాల కచేరీ

కృష్ణా జిల్లా మచిలీపట్నం (బందరు) రేవులో దిగిన సరుకు మీద, ఓడకెక్కిన సరుకు మీద పన్ను వసూలు చేసిన కార్యాలయమే సుంకాల కచేరీ. ఇరవయ్యో శతాబ్దానికి దాన్నే కస్టమ్స్ ఆఫీసు అన్నారు. నాలుగు శతాబ్దాల చరిత్రలో దీన్ని ఒకే భవనంగా, ఒకే ప్రభుత్వ శాఖగా చూడటం కుదరదు. గోల్కొండ సుల్తానుల హవల్దార్లు, మొగలు అధికారులు, నిజాం మనుషులు, ఫ్రెంచివారు, ఇంగ్లీషు కంపెనీ కౌన్సిలు, జిల్లా కలెక్టర్లు, చివరికి కేంద్ర ప్రభుత్వం వరసగా దాన్ని నడిపారు. పాలకులు మారినా పని మాత్రం మారలేదు: ఓడ వచ్చిందా, అందులో ఏముంది, ఎవరిది, ఎంత విలువ, సర్కారుకు ఎంత రావాలి.

బందరు చరిత్ర అనగానే కలంకారీ, డచ్చి సమాధులు, 1864 ఉప్పెన గుర్తుకొస్తాయి. సుంకాల సంగతి ఎవరికీ అంతగా పట్టదు. కానీ విదేశీ వర్తకులు ఈ తీరంలో ఎలా పాలకులయ్యారో తెలుసుకోవాలంటే కోటల యుద్ధాలకన్నా సుంకం లెక్కలే సూటిగా చెబుతాయి. 1611లో రాయితీ కోసం హవల్దారు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ కంపెనీయే 1759 తర్వాత అదే రేవులో సుంకం వసూలు చేసింది. మధ్యలో గడిచినవి నూటయాభై ఏళ్లయినా నిండలేదు.

బందరుకు ముందు

సముద్ర సుంకం తెలుగు తీరానికి విదేశీయులు తెచ్చిన ఏర్పాటు కాదు. ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయ శాసనం ఈ విషయంలో గొప్ప ఆధారం. పూర్వపు రాజులు తుపానుకు కొట్టుకొచ్చి ఒడ్డున పగిలిన ఓడల సరుకునంతా స్వాధీనం చేసుకునేవారనీ, తాను దయతో న్యాయమైన సుంకం తప్ప మిగిలినదంతా విడిచిపెడుతున్నాననీ అందులో రాజు ప్రకటించాడు. ఎగుమతి, దిగుమతులపై సుంకం ముప్పయ్యో వంతు. గంధం, కర్పూరం, ముత్యాలు, పట్టు వంటి సరుకులకు విడివిడిగా రేట్లు చెక్కించాడు. ఏ సరుకుకు ఎంత కట్టాలో ఓడ దిగక ముందే వర్తకుడికి తెలియాలి, ఆ రేటు రాయి మీద ఉండాలి, వసూలు చేసేవాడు దాన్ని మార్చడానికి వీల్లేదు. ఆ శాసనం వెనక ఉన్న ఆలోచన ఇదే. తర్వాత బందరులో జరిగిన చాలా గొడవలకు ఈ ఏర్పాటు లేకపోవడమే మూలం.

గుత్తకిచ్చిన రేవు

పదహారో శతాబ్దం చివరి భాగంలో కుతుబ్ షాహీల ఏలుబడిలో బందరు పెద్ద రేవైంది. పెగూ, అరకాన్, తెనాసరిం, అచే, మోకా, పారశీకం వైపు ఇక్కడినుంచి ఓడలు వెళ్లేవి. అద్దకం బట్టలు, నూలు, ఉక్కు, పొగాకు ఎగుమతయ్యేవి. మిరియాలు, తగరం, పెగూ కెంపులు, బంగారం వచ్చేవి. అద్దకానికి ప్రాణమైన ఎరుపు రంగునిచ్చే చిరివేరు నిజాంపట్నం ప్రాంతపు ఇసుక నేలల్లో శ్రేష్ఠంగా దొరికేది.

రేవు మీద పెత్తనం హవల్దారుది. ఓడలు, విదేశీ వర్తకుల వ్యవహారం చూడటానికి షాబందరు ఉండేవాడు. వాళ్ల కింద లెక్కలు రాసేవాళ్లు, సరుకు వెల కట్టేవాళ్లు, కాపలా బంట్లు. రేవు ఆదాయాన్ని గోల్కొండ ప్రభుత్వం తానుగా వసూలు చేయక ఏటా గుత్తకిచ్చేది. ఎక్కువ పాడినవాడికి రేవు దక్కేది. ఏడాది తిరిగేలోగా పాడిన మొత్తం గోల్కొండకు చేర్చాలి, ఆ పైన మిగిలిందే అతని లాభం. వచ్చే ఏడు ఇంకొకడు ఎక్కువ పాడితే పదవి పోయినట్టే. ఇలాంటి ఏర్పాటులో వర్తకుడిని పోగొట్టుకోకూడదన్న ముందుచూపు గుత్తదారుకు ఎక్కడినుంచి వస్తుంది? ఈ ఏడాది పిండగలిగినంత పిండుకోవడమే అతనికి తెలివైన పని.

పిండలేకపోతే ఏమవుతుందో కూడా అందరికీ తెలుసు. 1618 నుంచి 1622 దాకా బందరులో ఉన్న ఇంగ్లీషు వర్తకుడు విలియం మెథ్‌వోల్డ్ గోల్కొండ రాజ్యం గురించి రాసిన వివరణలో ఒక సంఘటన చెప్పాడు. 1614లో బందరు గుత్త మొత్తాన్ని పూర్తిగా చెల్లించలేకపోయిన అధికారిని వీపు మీద, కాళ్ల మీద, పొట్ట మీద బెత్తాలతో కొట్టి చంపారు. విదేశీ వర్తకులు తమ ఉత్తరాల్లో హవల్దారును దోపిడీదారుగా చిత్రించారు. ఆ మాటలో నిజముంది. అయితే తల పైన బెత్తం వేలాడుతున్న మనిషి అతనన్న సంగతిని కూడా చరిత్రకారుడు లెక్కలోకి తీసుకోవాలి.

సుంకం ఒక్కచోట కట్టి బయటపడే వీలూ ఉండేది కాదు. నేతగాడి దగ్గర కొన్న బట్ట మీద ముద్ర వేయించుకోవాలి, దానికి రుసుము. ముద్ర లేని బట్ట పట్టుబడితే స్వాధీనం చేసుకునేవారు. దళారీ రుసుము వేరు. లోతట్టునుంచి రేవుకు తెచ్చేటప్పుడు దారి పొడుగునా చౌకీల్లో మరికొంత. ఓడకెక్కించేటప్పుడు సముద్ర సుంకం. వీటన్నిటి మీదా అధికారులకు ఇచ్చుకోవలసిన కానుకలు. పైగా అధికారులే సొంతంగా వ్యాపారం చేసేవారు. తమ సరుకు ముందు అమ్ముడయ్యేదాకా ఇతరుల మూటలు కచేరీలోనే నిలిచిపోయేవి. పారశీకంనుంచి వచ్చి 1630లలో బందరు హవల్దారైన మీర్ మహమ్మద్ సయ్యద్ సొంత ఓడలు నడిపాడు. తర్వాత మీర్ జుమ్లాగా గోల్కొండ రాజ్యంలోనే అతి శక్తిమంతుడయ్యాడు. అతని ఎదుగుదలకు తొలి మెట్లలో ఈ రేవు ఒకటి. కంచే చేను మేయడమన్నది ఇక్కడ నేరంగా కాక, పదవితో వచ్చే హక్కుగా చెల్లింది.

1614 నాటి బందీ

కచేరీ చరిత్రలో అన్నిటికన్నా నాటకీయమైన ఘట్టం కూడా 1614లోనే జరిగింది. ఇంగ్లీషు కంపెనీ తరఫున 1611లో 'గ్లోబ్' ఓడలో నిజాంపట్నం మీదుగా బందరు చేరిన పీటర్ ఫ్లోరిస్ డచ్చివాడు. తన సరుకు కొన్న అధికారులు డబ్బు చెల్లించక వాయిదాలు వేస్తున్నారని అతని ఫిర్యాదు. తూర్పు రేవులు తిరిగి అతను మళ్లీ బందరు వచ్చాక ఈ బాకీ గొడవ ముదిరింది. తీర్చమని అడగడానికి పై అధికారీ హవల్దారే, సుంకం వేసేవాడూ అతనే, న్యాయం చెప్పేవాడూ అతనే.

1614 నవంబరులో ఫ్లోరిస్ మనుషులు సుంకాల కచేరీలోకి వెళ్లి, అక్కడ ఉన్న అధికారి కుమారుణ్ణి ఎత్తుకొచ్చి పడవలో వేసుకుని ఓడకు చేర్చారు. ఇంగ్లీషు రాతల్లో ఆ యువకుడి పేరు నమోదైన తీరును బట్టి వెంకటాద్రి అయి ఉండాలి. బ్రాహ్మణుడు. పరాయివాళ్ల చేతి తిండి, నీళ్లు ముట్టనని పస్తున్నాడు. అతని బదులు పరువైన ఇద్దరు ముస్లిం పెద్దలు ఓడకు వస్తే విడిచిపెడతానని ఫ్లోరిస్ కబురు పెట్టాడు, ఎవరూ ముందుకు రాలేదు. ఒడ్డున ఉన్న ఇంగ్లీషువాళ్ల ప్రాణాలకే ముప్పొచ్చేలా ఉద్రిక్తత పెరిగింది. చివరికి అధికారి లెక్క చూసి బాకీ కట్టాడు, కుర్రవాడు ఒడ్డుకు చేరాడు.

ఫ్లోరిస్ తన దినచర్యలో ఆ యువకుడి మీద జాలి పడ్డట్టు రాసుకున్నాడు. ఆ జాలిని అలా ఉంచితే, ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఒడ్డున చట్టం హవల్దారుదే అయినా, ఓడ మీద ఆ చట్టం చెల్లదని విదేశీయులు అప్పుడే గ్రహించారు. కచేరీ గుమ్మం దాకా రాజ్యం బలం, అక్కడినుంచి నీటిలోకి ఓడ బలం. రేవు సుంకం ఈ రెండు బలాల మధ్య బేరంగా మారడం అక్కడే మొదలైంది.

ఫర్మానాల వేట

ఆ బేరంలో ముందున్నవారు డచ్చివారు. 1605లో వచ్చి, 1606లోనే సుల్తానునుంచి నూటికి 4 చొప్పున మాత్రమే సుంకం కట్టేలా ఫర్మానా, అంటే రాజాజ్ఞ, తెచ్చుకున్నారు. బట్టల మీద ముద్ర రుసుమునుంచి కూడా మినహాయింపు సాధించారు. తర్వాత మూట మూటకూ లెక్క కట్టే బాధ లేకుండా ఏటా ఒక మొత్తం చెల్లించే ఏర్పాటు చేసుకున్నారు. గుత్తదారుకు ఇది గొంతు మీద కత్తే. గోల్కొండకు తాను కట్టవలసిన మొత్తం తగ్గదు, పెద్ద వర్తకుడినుంచి వచ్చే సుంకం మాత్రం తగ్గిపోయింది. ఆ లోటు పూడ్చుకోవడానికి మిగిలినవాళ్ల మీద, ముఖ్యంగా ఏ ఫర్మానా లేని స్థానిక కోమట్ల మీద, చిన్న ఓడల యజమానుల మీద పడ్డాడు. విదేశీ కంపెనీలకు దక్కిన రాయితీల ఖర్చు చివరికి ఎవరు మోశారో పాఠ్యపుస్తకాలు చెప్పవు. చెప్పి తీరవలసిన విషయమది.

ఇంగ్లీషువారు 1628లో అధికారుల వేధింపులకు తట్టుకోలేక బందరు వదిలి, ఇప్పటి తిరుపతి జిల్లాలోని దుగరాజపట్నానికి, వాళ్ల మాటలో ఆర్మగాం‌కు తరలిపోయారు. రెండేళ్లకే తిరిగొచ్చారు. బట్టలు ఇక్కడ దొరికినట్టు అక్కడ దొరకలేదు. 1632లో అబ్దుల్లా కుతుబ్ షా ఇచ్చిన ఫర్మానా, చరిత్రలో బంగారు ఫర్మానాగా పేరుపడ్డది, ఏడాదికి 500 వరహాల సుంకంతో గోల్కొండ రేవుల్లో స్వేచ్ఛగా వర్తకం చేసుకోవడానికి వాళ్లకు వీలిచ్చింది.

ఏడేళ్ల తర్వాత వాళ్లు అడిగిన తీరే మారిపోయింది. 1639లో స్థానిక పాలకుడు దామెర్ల వెంకటాద్రి నాయకుడినుంచి మద్రాసు స్థలం పొందినప్పుడు తమ సరుకుకు సుంకం మినహాయింపుతో ఆగలేదు. ఆ రేవులో ఇతరులు కట్టే సుంకంలో సగం తమకే రావాలని రాయించుకున్నారు. సుంకం కట్టేవాడు సుంకంలో వాటాదారయ్యాడు. బందరులో హవల్దార్ల చేతిలో పడ్డ పాట్లే మద్రాసులో ఆ షరతును పెట్టించాయనడం తప్పు కాదు. సొంత కచేరీ ఉన్న మద్రాసు పెరగడం అప్పటినుంచే మొదలైంది.

డచ్చివారు 1686లో బాకీల గొడవ పెట్టుకుని ఏకంగా బందరునే పట్టుకున్నారు. మరుసటి ఏడు గోల్కొండ ఔరంగజేబు వశమైంది. మొగలు అధికారుల కాలంలో కచేరీ కొనసాగింది గానీ యుద్ధాలు, దారుల్లో దోపిడీలు కలిసి లోతట్టునుంచి బట్ట రాకను దెబ్బతీశాయి. మరో దెబ్బ లండనులో పడింది. 1700లో, మళ్లీ 1721లో చేసిన చట్టాలతో బ్రిటనులో అద్దకం బట్టల వాడకాన్నే నిషేధించారు. బందరు కలంకారీకి పారశీకం మిగిలింది, ఆ గిరాకీయే పంతొమ్మిదో శతాబ్దం దాకా దాన్ని బతికించింది.

కంపెనీ కచేరీ

1750లో ఫ్రెంచివారు బందరును ఆక్రమించారు. 1759 ఏప్రిల్ 7-8 రాత్రి ఇంగ్లీషు కంపెనీ అధికారి కర్నల్ ఫోర్డ్ సేన వాళ్ల కోటను పట్టుకుంది. మే నెలలో హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్ బందరు సర్కారును, అంటే ఆ జిల్లాను, ఇంగ్లీషువారికి రాసిచ్చాడు. 1765 మొగలు ఫర్మానా, 1768 నిజాం ఒప్పందం ఉత్తర సర్కార్లనే ఈ కోస్తా జిల్లాల మీద కంపెనీ హక్కును ఖాయం చేశాయి. సుంకాల కచేరీ కంపెనీ చీఫ్, కౌన్సిలు కిందికి వచ్చింది. 1794లో ఆ కౌన్సిళ్లు రద్దయి కలెక్టర్లు వచ్చాక, భూమిశిస్తు చూసే దొరే సముద్ర సుంకాలకూ అధిపతయ్యాడు. చిన్న రేవుల్లో ఈ పద్ధతి శతాబ్దానికి పైగా సాగింది.

గుత్తదారుల దోపిడీ గురించి అంతగా ఫిర్యాదు చేసిన కంపెనీ, అధికారం చేతికొచ్చాక లోతట్టు చౌకీలను తానూ గుత్తకే ఇచ్చింది. వీటి రాబడిని సాయరు అనేవారు. 1802 శాశ్వత కౌలు ఒప్పందాల్లో ఉప్పు, ఆబ్కారీతో పాటు సాయరును కూడా జమీందార్ల హక్కుల్లోంచి తీసేసి సర్కారు అట్టిపెట్టుకుంది. అంతకుముందు ఎవరికి వారు వసూలు చేసుకునే జమీందార్ల చౌకీలు పోయాయి, వర్తకుడికి దారిలో చౌకీలు మాత్రం పోలేదు. నూలు కండె, బట్ట తాను, పొగాకు కట్ట అంటూ వస్తువు రూపం మారినప్పుడల్లా మరోసారి కట్టవలసి రావడం నేతగాడి నడ్డి విరిచింది. అదే సమయంలో ఇంగ్లండు మరనేత బట్ట తక్కువ సుంకంతో రేవులో దిగసాగింది.

లోతట్టు సుంకాలు బెంగాలులో 1836లో, బొంబాయిలో 1838లో పోయినా, మద్రాసు రాజధానిలో 1844 నాటి 6వ చట్టం దాకా నిలిచాయి. వాటిని తీసేసినందుకు సర్కారు వసూలు చేసుకున్న పరిహారం చూడాలి. అదే ఏడు ఉప్పు ధరను గరిసెకు 105 రూపాయలనుంచి 180కి పెంచింది. గగ్గోలు రేగాక 120కి తగ్గించింది. వర్తకుడి మీద తీసిన భారం ఉప్పు తినే ప్రతి ఇంటి మీదా పడింది. 1848లో మరో చట్టం కంపెనీ రేవుల మధ్య తిరిగే సరుకుకు సుంకం ఎత్తేసింది, విదేశీ ఓడల్లో వచ్చిన సరుకు మీద రెట్టింపు సుంకాన్నీ రద్దు చేసింది. కాకినాడకో మద్రాసుకో సరుకు పంపే బందరు చిన్న ఓడలకు ఇది నిజమైన మేలు. కచేరీ రాబడి మాత్రం తగ్గింది.

హైదరాబాదు కిటికీ

ఈ రేవుతో తెలంగాణకు ఉన్న సంబంధాన్ని 1802 ఏప్రిల్‌లో కుదిరిన వాణిజ్య ఒప్పందం కాగితం మీద పెట్టింది. నిజాం తన రాజ్యపు సరుకుల కోసం మచిలీపట్నం రేవును స్వేచ్ఛగా వాడుకోవచ్చు, అక్కడ వర్తక స్థావరం పెట్టుకోవచ్చు, రెండు రాజ్యాల మధ్య నడిచే సరుకుకు నూటికి 5 చొప్పున సుంకం. తీరమంతా వదులుకున్న రాజ్యానికి మిగిలిన ఏకైక సముద్ర హక్కు ఇది. ఆచరణలో నిజాంకు దానివల్ల ఒరిగింది స్వల్పమే, ఎందుకంటే రేవు లోతు తగ్గుతోంది, దారి దూరం, తర్వాత రైళ్లు సరుకును బొంబాయి వైపు లాగాయి. అయినా ఆ హక్కును హైదరాబాదు మరిచిపోలేదు. 1947కు ముందు సంవత్సరాల్లో నిజాం ప్రభుత్వం సముద్ర ద్వారం కోసం బందరు పేరును మళ్లీ ముందుకు తెచ్చింది. ఇక ఆ రాజ్యపు లోపలి సుంకాల శాఖ, జనం కరోడ్‌గిరీ అని పిలిచింది, సరిహద్దు దాటి వచ్చే సరుకు మీద తన 5 శాతాన్ని వసూలు చేస్తూనే ఉండేది. కృష్ణా జిల్లానుంచి ఖమ్మం వైపు బండి తోలుకెళ్లే రైతుకు కరోడ్‌గిరీ నాకా అనుభవంలో ఉన్నదే.

ఉప్పెన

1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన బందరు చరిత్రను రెండుగా చీల్చింది. మామూలు పోటు మట్టం కన్నా 13 అడుగుల ఎత్తున సముద్రం పట్టణం మీదికి వచ్చింది. ఆ ప్రాంతమంతటా కలిపి సుమారు 30,000 మంది చనిపోయారని అంచనా. పట్టణానికి దూరంగా, పల్లపు బురద నేలలో ఉన్న కోట, రేవు ప్రాంతం దెబ్బ తిన్నది. మరుసటి ఏడాది కోటలోని సేనను తరలించారు. సేన పోతే దానికి సరుకులిచ్చే వర్తకులు పోయారు, వర్తకులు పోతే ఓడలు తగ్గాయి.

అప్పటికే రేవు లోతు పెద్ద సమస్య. కృష్ణ తెచ్చే ఒండ్రు వల్ల తీరం మెరక వేసింది. పెద్ద ఓడలు ఒడ్డుకు 5 మైళ్ల దూరాన లంగరు వేయాలి. అక్కడినుంచి సరుకంతా పడవల మీద పాయలోకి రావాలి. సుంకం వసూలుకు మాత్రం ఇది అనుకూలం. సరుకుకు ఇంకో దారి లేదు, పాయ ఒడ్డున కూర్చున్న గుమాస్తా ప్రతి పడవనూ చూడగలడు.

ఒక మూట నడిచిన దారి

1878 నాటి 8వ చట్టం, సముద్ర సుంకాల చట్టం, దేశంలోని రేవులన్నిటికీ ఒకే పద్ధతి తెచ్చింది. ఏ రేవులో విదేశీ సరుకు దించవచ్చో, ఏది తీర వర్తకానికే పరిమితమో ప్రభుత్వం ప్రకటించాలి. ప్రకటించని చోట దించితే అది దొంగసరుకే. ఈ చట్టం కింద బందరులో ఒక మూట ఎలా బయటికొచ్చేదో చూస్తే కచేరీ పని అర్థమవుతుంది.

బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ స్టీమరు దూరాన లంగరు వేయగానే ఓడ కెప్టెను తన సరుకు పట్టీ, అంటే మేనిఫెస్టు, కచేరీకి పంపాలి. అందులో లేని మూట ఓడలో దొరికినా, అందులో ఉన్న మూట లేకపోయినా జవాబు చెప్పుకోవలసింది కెప్టెనే. సరుకు పడవలోకి దిగేటప్పుడు ఎన్ని మూటలు, వాటి మీద గుర్తులేమిటో రాసిన చీటీ పడవ తండేలు చేతికిస్తారు. ఐదు మైళ్ల నీటిలో ఆ చీటీయే మూటకు కాపలా. ఒడ్డున గుమాస్తా చీటీని, మూటలను సరిచూసి కచేరీ గోదాములోకి పంపుతాడు. సరుకు తనదన్న వర్తకుడు బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలు చేయాలి: సరుకు పేరు, బరువు, విలువ. విలువ మీద అనుమానం వస్తే కొన్ని మూటలు విప్పించి చూస్తారు. చాలా సరుకులకు సర్కారే ఏటా నిర్ణీత విలువలు అచ్చు వేసి పంపేది, దానివల్ల కచేరీ బల్ల దగ్గర బేరాలు చాలావరకు ఆగాయి. సుంకం కట్టి రసీదు చూపితేనే మూట గేటు దాటుతుంది. ఎగుమతికి ఇదే వరస తిరగేసి, షిప్పింగు బిల్లుతో.

గణపతిదేవుడి శాసనం కోరిన ముందే తెలిసే రేటు దాదాపు ఆరు వందల ఏళ్ల తర్వాత అచ్చు పట్టికగా బందరుకు వచ్చిందని చెప్పవచ్చు. ఆ రేటును నిర్ణయించడంలో మాత్రం బందరు వర్తకుడికి ఏ పాత్రా లేదు.

రేట్లు ఎక్కడ తయారయ్యాయి

1857 తిరుగుబాటు ఖర్చుల వల్ల 1859-60లో దిగుమతి సుంకం మామూలు రేటు 10 శాతానికి చేరింది. 1864లో ఏడున్నరకు, 1875లో ఐదుకు దిగింది. మాంచెస్టరు మిల్లు యజమానుల ఒత్తిడితో 1879లో వైస్రాయి లిట్టన్ తన కౌన్సిలులో అధిక సంఖ్యాకుల మాట కాదని ముతక నూలు బట్టల మీద సుంకం తీసేశాడు. 1882లో ఉప్పు, మద్యం, ఆయుధాల వంటివి మినహా దిగుమతి సుంకాలన్నిటినీ ఎత్తేశారు. ఆ తర్వాత 12 ఏళ్లు బందరులో ఇంగ్లండు బట్ట ఒక్క కానీ సుంకం లేకుండా దిగింది.

అదే కాలంలో మన బియ్యం ఓడకెక్కాలంటే ఎగుమతి సుంకం కట్టవలసిందే. 1867నుంచి దాని రేటు మణుగుకు 3 అణాలు. రెండు మణుగుల బస్తాకు 6 అణాలు, నూరు మణుగులకు 18 రూపాయల 12 అణాలు. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయి, కాలువలు పారి, డెల్టా పండించిన ధాన్యం పడవల మీద బందరు చేరుతున్న రోజులవి. ఇతర ఎగుమతి సుంకాలు ఒక్కొక్కటే పోయినా బియ్యం మీద సుంకం నిలిచింది. లాంకషైరు బట్ట ఉచితంగా దిగే రేవులో కృష్ణా రైతు బియ్యానికి పన్ను పడటం వలస పాలన స్వభావాన్ని ఏ ఉపన్యాసం కన్నా స్పష్టంగా చూపిస్తుంది.

1894లో బడ్జెటు లోటు పూడ్చడానికి 5 శాతం సుంకం తిరిగొచ్చింది. 1896లో నూలు బట్టలకు మూడున్నర శాతం పెట్టి, దానికి సరితూగేలా భారతీయ మిల్లు బట్ట మీద కూడా అంతే ఎక్సైజు వేశారు. చేనేతకు ఆ ఎక్సైజు లేదు. మిల్లు బట్ట మీది ఎక్సైజు 1926లో గానీ పోలేదు.

రైలు తర్వాత

1908లో బెజవాడనుంచి బందరుకు రైలు వచ్చింది. రేవుకు జీవం పోస్తుందని ఆశించినవాళ్లున్నారు. రైలు మాత్రం సరుకును మద్రాసు వైపు, కాకినాడ వైపు తీసుకుపోవడానికే ఎక్కువ పనికొచ్చింది. 1933లో విశాఖపట్నంలో ఓడలు నేరుగా గట్టుకు ఆనుకునే రేవు తెరిచాక, ఐదు మైళ్ల పడవ ప్రయాణం ఉన్న బందరుకు పెద్ద ఓడ రావలసిన అవసరం తగ్గిపోయింది. 1919 సంస్కరణలతో సముద్ర సుంకాలు కేంద్ర విషయమయ్యాయి, 1924లో సెంట్రల్ బోర్డ్ ఆఫ్ రెవెన్యూ ఏర్పడింది. జిల్లా కలెక్టరు చేతిలోంచి కచేరీ క్రమంగా జారింది. రేవు నిర్వహణ రాష్ట్రానిది, సుంకం కేంద్రానిది అన్న నేటి విభజనకు మూలం ఇక్కడుంది.

పట్టణంలో ఫ్రెంచివారికి మిగిలిన చిన్న స్థావరం, జనం ఫ్రెంచిపేట అనేది, 1947 అక్టోబరులో భారత ప్రభుత్వం కిందికి వచ్చింది. డచ్చివారిని గుర్తుచేసే వలందపాలెం, ఇంగ్లీషుపాలెం పేర్లు నేటికీ వాడుకలో ఉన్నాయి. 1878 చట్టం స్వతంత్ర భారతంలోనూ కొనసాగి, 1963 ఫిబ్రవరి 1న అమల్లోకి వచ్చిన 1962 కస్టమ్స్ చట్టంతో ముగిసింది. అప్పటికి బందరు చేపల పడవల రేవుగా, అప్పుడప్పుడు తీర వర్తకపు సరుకు చూసే చిన్న రేవుగా మిగిలింది.

2023 మే నెలలో మంగినపూడి దగ్గర కొత్త ఓడరేవు పనులు మొదలయ్యాయి. రేవు కట్టినంత మాత్రాన విదేశీ సరుకు దించడం కుదరదు. 1962 చట్టం 7వ సెక్షన్ కింద దాన్ని కస్టమ్స్ రేవుగా కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు నోటిఫై చేయాలి, 8వ సెక్షన్ కింద సరుకు దించే, ఎక్కించే చోట్లను, కస్టమ్స్ ప్రాంతపు హద్దులను కస్టమ్స్ కమిషనరు నిర్ణయించాలి.